సాగదీత వంతు

సిగ్గుండాలి మీకు. ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా ఆమె గురించి నన్ను అడిగారా? హాల్లో మేకుకి వేలాడే గిటార్ గురించి అడిగారు. దాని పక్కన ఫ్రేము కట్టించిన ఫొటోలో, గిటార్ మెడలో వేసుకుని నిలబడ్డ మీ చిన్న తాత గురించి అడిగారు. వచ్చిన చుట్టాలందరికీ అది చూపించి "మా చిన్న తాత గిటార్ భలే వాయించేవాడు" అని చెప్పుకున్నారు. ఆ గిటార్‌కి ఒక్క తీగైనా ఎందుకు లేదని అడిగినవాడు లేడు. ఆ ఫొటోలో ఎడమ పక్క, అంచు దగ్గర, ఎవరిదో మోచెయ్యి కనిపిస్తుంది. కళ్ళుండి, అది ఎవరిదని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు.

ఆ మోచెయ్యి మీ చిన్న నానమ్మది. నా తోడికోడలిది. మొన్న ఆమె పోయినప్పుడు అందరూ కూర్చుని తలా నాలుగు మాటలు చెప్పారు కదా, ఏం చెప్పారు? "పాపం, నోట్లో నాలుక లేని మనిషి" అన్నారు. "అణిగిమణిగి బతికింది" అన్నారు. "బాబాయి అంత కళ ఉన్న మనిషి, ఆయన నీడన హాయిగా గడిపేసింది పిన్ని" అని నా పెద్దకొడుకు, అదే మీ నాన్న, కళ్ళు తుడుచుకుంటూ మరీ చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదిమందిలో నోరు విప్పితే రచ్చవుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. కూర్చోండి. ఆ టీవీ కట్టేయండి.

ఆమె మా మరిది భార్య. ఈ ఇంటికి నా తర్వాత వచ్చింది. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. పెళ్ళికి ముందూ కుట్టింది, పెళ్ళయ్యాకా కుట్టింది. ఒకళ్ళు చేతులు కుడతారు, ఒకళ్ళు జేబులు కుడతారు, ఆమె కాలర్లు. చొక్కా మొత్తం ఒక్కటి కూడా ఆమె చేత్తో పూర్తయి ఎరగదు. ఆ మిషన్ల రొదలో గబగబా మాట్లాడితే ఎవరికీ ఎక్కదని కాబోలు, మాట నెమ్మదిగా, చివర సాగదీసి మాట్లాడేది. "నీళ్ళొచ్చాయా?" అని అడిగితే "వచ్చాయీ..." అనేది. ఆ "యీ" కిందెక్కడో మొదలై మెల్లగా పైకి పాకి, అక్కడ కాస్త వణికి, ఆగేది.

మా అత్తగారికి కోపం ముక్కు మీదే ఉండేది. "వచ్చాయో లేదో ఇది చెప్పేలోపు కుళాయి ఆగిపోతుంది" అనేది. ఆవిడే పెట్టింది ఆ పేరు, సాగదీత అని. మామగారు అలాగే పిలిచారు, మీ తాత అలాగే పిలిచారు, కట్టుకున్నవాడూ అలాగే పిలిచాడు, ఫ్యాక్టరీలో తోటివాళ్ళూ అలాగే పిలిచారు. ఆఖరికి కిరాణా కొట్టాయన కూడా "సాగదీతగారూ" అన్నాడు, గారు తగిలించి మరీ. ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు.

ఇంకోటి చెప్పాలి. మా ఇంట్లో వంతులుండేవి. ఇద్దరు కోడళ్ళం కదా, పొద్దుటి వంట ఒకరి వంతు, సాయంత్రం వంట ఇంకొకరి వంతు. గిన్నెలు ఒకరి వంతు, నీళ్ళు పట్టడం ఒకరి వంతు. మగవాళ్ళ వంతేమిటని అడక్కండి, తినడం వాళ్ళ వంతు. ఆ ఇంట్లో "నీ వంతు" అన్న మాట వినపడిందంటే, లేచి వెళ్ళి ఏదో ఒకటి తోమాలని అర్థం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

మా మరిది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. మనిషి చెడ్డవాడు కాదు, సోకు జాస్తి. ఎవరింట్లోనో చూసి తనూ ఒక గిటార్ కొనుక్కొచ్చాడు. నాలుగు రోజులు టింగుటింగుమనిపించి, వేలి కొనలు మండుతున్నాయని ఊదుకుంటూ కూర్చున్నాడు. తర్వాత హాల్లో మేకు కొట్టి దానికి తగిలించాడు. వచ్చినవాళ్ళు "మీరు వాయిస్తారా?" అంటే "ఏదో, కొద్దిగా" అని తల వంచుకునేవాడు. ఆయన నేర్చుకున్న విద్యంతా ఆ తల వంచడంలోనే ఉంది. చూసినవాళ్ళు ఎంతటివాడో అనుకుని వెళ్ళేవాళ్ళు. గిటార్ మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. దాని దుమ్ము తుడిచే పని మాత్రం ఆమెది.

తుడుస్తుంటే గుడ్డ తగిలి తీగ మోగేది. ఒకరోజు చూస్తున్నాను, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది. దుమ్ము ఎప్పుడో పోయింది, ఆమె మాత్రం కదలదు. ఆ సాయంత్రం అందరి ముందూ భర్తని అడిగింది, నాక్కూడా నేర్పిస్తారా అని. ఆయన పగలబడి నవ్వాడు. నువ్వు ఒక్క ముక్క వాయించేసరికి జనం ఇళ్ళకెళ్ళి నిద్రపోతారన్నాడు. హాలంతా నవ్వులే. ఆమె కూడా నవ్వింది. మిగతావాళ్ళ నవ్వు కన్నా ఆమె నవ్వు చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫ్యాక్టరీ వెనక వీధిలో టైర్ల షాపు ఉండేది. దాని పైగదిలో ఒక మాస్టారు గిటార్లు బాగుచేసేవాడు, సాయంత్రాలు పాఠాలు చెప్పేవాడు, ఎవరైనా పిలిస్తే బ్యాండు కట్టి వాయించేవాడు. ఆమె ఒకరోజు షిఫ్టు దిగి నేరుగా ఆ మెట్లెక్కేసింది. ఇంట్లో ఓవర్‌టైమ్ అని చెప్పింది. నాకెలా తెలిసిందంటారా, ఒక సాయంత్రం స్టవ్ మీది గిన్నెని ఒట్టి చేత్తో దింపేసింది. చెయ్యి లాక్కుని చూస్తే ఎడమ చేతి వేలి కొనలు కాయలు కాసి గట్టిపడిపోయాయి. కాలర్లు కుట్టేవాళ్ళకి అక్కడ కాయలు కాయవు. నిలదీశాను.

"గిటారక్కా..." అంది.

ఆ "అక్కా" పైకి పాకి కిందికి దిగేలోపు అత్తగారు వంటింట్లోకి రానే వచ్చింది, ఏమిటా రాగం అంటూ. గిన్నె తగిలి చెయ్యి కాలిందంటోందని చెప్పి సర్దేశాను. ఆ మర్నాటి నుంచి వంతులు మార్చేశాను. పొద్దుటి వంట ఆమెకిచ్చి, సాయంత్రం వంట నేను తీసుకున్నాను. మోకాళ్ళ నొప్పులు, పొద్దున్నే లేవలేకపోతున్నానని చెప్పాను. అప్పటికి నా మోకాళ్ళు రాళ్ళలా ఉండేవి.

మొదట కొన్నాళ్ళు వేళ్ళు ఎక్కడ పెట్టాలో, ఎలా నొక్కాలో నేర్చుకుంది. సరిగ్గా నొక్కకపోతే తీగ జిర్రుమనడం, గట్టిగా నొక్కితే వేలు మండడం. తర్వాత పాట వెనక వాయించడం వచ్చింది. అప్పుడు మాస్టారు సోలో మొదలుపెట్టాడు. సోలో అంటే ఏమిటో ఆమే నాకు చెప్పింది. పాట నడుస్తూ ఉండగా మధ్యలో ఒకళ్ళకి దారి ఇస్తారట. వాళ్ళు అప్పటికప్పుడు, ఎవరూ రాసివ్వనిది, తమ మనసుకి తోచింది వాయించాలట. అంతసేపూ మిగతావాళ్ళు వెనకుండి వాళ్ళని మోస్తారట. వింటూంటే నాకే ఆశ పుట్టింది. మన ఇంట్లో ఏ ఆడదాని మాటకి దారి ఇచ్చారు, ఎవరు వెనకుండి మోశారు?

మొదటి రోజు మాస్టారు వెనక పాట వాయిస్తున్నాడు, ఒక వ్యాను డ్రైవరు డ్రమ్ము వాయిస్తున్నాడు. మాస్టారు ఆమె వైపు తిరిగి "ఇప్పుడు నీ వంతు" అన్నాడు. ఈ పిచ్చితల్లి గిటార్ పక్కన పెట్టి లేచి, గదిలో ఉన్న టీ గ్లాసులన్నీ పోగుచేసుకుని కడగడానికి వెళ్ళిపోయింది.

నవ్వుతున్నారా, నవ్వండి. చెప్పినప్పుడు నేనూ నవ్వాను. నవ్వాక తిండి సయించలేదు. మాస్టారు కుళాయి దాకా వెళ్ళి ఆపాడట.

"గ్లాసుల వంతు కాదమ్మా. వాయించే వంతు."

"ఏం వాయించాలండీ?"

"నీకేం చెప్పాలని ఉంటే అది."

"నాకేం చెప్పాలని లేదండీ..."

విన్నారా? అంత వయసొచ్చిన మనిషికి చెప్పాలని ఏమీ లేదట. లేకేం, అడిగినవాడు లేక. ఎవరూ తియ్యని తలుపు బిగుసుకుపోతుందా లేదా? అలాగే.

ఆ తర్వాత మాస్టారు ఐదు స్వరాలు చూపించి, వీటితోనే ఏదైనా వాయించు, తప్పు పోదులే అన్నాడు. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే పట్టీలని మెట్లంటారు. ఈమె కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా వరసగా వాయించేది, మళ్ళీ పైనుంచి కిందికి. ఎప్పుడు చూసినా అదే. "మెట్లెక్కుతున్నావు, దిగుతున్నావు, ఏ గదిలోకీ వెళ్ళవేమమ్మా" అన్నాడట ఆయన. ఐదు తీసేసి రెండే ఇచ్చాడు. రెండిటితో ఏం చేస్తానండీ అని ఈమె, రెండిటితోనే పోట్లాడుకోవచ్చు అని ఆయన. వారాల తరబడి తలబాదుకుంది. ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూడా నోటితో ఏదో సణుక్కునేది. అత్తగారు తననే తిట్టుకుంటోందనుకుని మూతి ముడుచుకునేది.

చెప్పులు కుట్టించుకొస్తానని చెప్పి ఒక సాయంత్రం నేనూ వెళ్ళాను. గదంతా రబ్బరు వాసన. కింద టైరు గాలి తీసినప్పుడల్లా బుస్సుమని శబ్దం. మాస్టారు ఒళ్ళో గిటార్ పెట్టుకుని, ఇవాళ ఇంట్లో ఎవరు ఏమన్నారని ఈమెని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. అత్తగారు "ఎక్కడ చచ్చావే ఇంతసేపూ" అన్నారని నేనే చెప్పాను. అయితే దాన్ని మాటల్లేకుండా నోటితో అను, అన్నాక గిటార్ మీద వెతుక్కో అన్నాడు. ఆమె అంది. వెతికింది. రెండు స్వరాలు, రెండోది కాస్త పైకి లేచి గుచ్చుకుంటోంది. అచ్చం మా అత్తగారే గడపలో నిలబడ్డట్టుంది.

"ఇక్కడ ఆగు" అన్నాడు మాస్టారు. "ప్రశ్న వేసినవాళ్ళు ఆగుతారు కదా. వినేవాళ్ళకి జవాబు కోసం ప్రాణం లాగాలి. ఆగడం కూడా వాయించడమే."

ఆగింది. తర్వాత ఐదు స్వరాలూ గడగడా ఒప్పజెప్పేసింది.

"ఎవరిదమ్మా ఈ జవాబు?"

"నాదేనండీ..."

"నువ్వింత గబగబా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదే. నువ్వు మాట్లాడినట్టు చెప్పు."

ఆమె ఒకే ఒక్క స్వరం మీటి, వేలితో నొక్కి పట్టిన తీగని మెల్లగా పక్కకి నెట్టింది. ఆ స్వరం కిందెక్కడో మొదలై పైకి పాకి, అక్కడ కాస్త వణికి, ఆగింది. నేను దిగ్గున లేచి నిలబడ్డాను. "వచ్చాయీ..." అన్న మాటే అది. ఇల్లంతా కలిసి ఏ సాగదీతని వెక్కిరించారో అదే. మాస్టారు మాత్రం వెక్కిరించలేదు. తీగని అలా సాగదీయడమే సోలోకి ప్రాణం, దాన్ని వదలకు అన్నాడు. వదలకు అన్న మాట ఆమెతో అన్న మొదటి మనిషి ఆయనే. మనవాళ్ళంతా మానుకోమన్నవాళ్ళే.

అలాగని ఆ రోజు నుంచీ ఇరగదీసిందనుకోకండి. సరిగ్గా నెట్టకపోతే పిల్లిని తొక్కినట్టుండేది. ఎక్కువ నెట్టితే తీగ తెగి చెంపకి తగిలేది. మణికట్టు పట్టేసి కాలరు తిప్పలేక సూపర్‌వైజరు చేత మాటలు పడింది. వదల్లేదు.

ఇంతలో ఫ్యాక్టరీ వార్షికోత్సవం వచ్చింది. మాస్టారి బ్యాండుని పిలిచారు. ఒక పాటలో సోలో నీదే అని ఆయన ఆమెకి చెప్పాడు. మర్నాడు ఆమె కళ్ళు చూడాల్సింది. జీవితంలో ఆమె కోరింది అదొక్కటే, ఒక్క పాటలో ఒక్క వంతు. చీర అడగలేదు, నగ అడగలేదు.

అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు తనే చెప్పింది. "నేను వాయిస్తున్నానూ..." అని. మా మరిదికి ముద్ద గొంతుకి అడ్డం పడింది. నీళ్ళు తాగి మొదలెట్టాడు. నా పరువేం కావాలన్నాడు. గిటార్ నాది, నా స్నేహితులంతా అక్కడికి వస్తారు, వాళ్ళు నేను వాయిస్తాననుకుంటున్నారు, పెళ్ళాం వాయించి మొగుడు చప్పట్లు కొడితే ఏం బావుంటుందన్నాడు. నువ్వు వాయించవు కదయ్యా అని నేనన్నాను. "అది వాళ్ళకి తెలీదు కదా వదినా" అన్నాడు. చూడండి, ఎంత నిజాయితీయో.

మామగారు తీర్పు చెప్పారు. మొగుడు తన గిటార్ వేసుకుని ముందు నిలబడాలట, పెళ్ళాం వెనక నిలబడి వాయించాలట. ఎవరు వాయించినా పేరు ఈ ఇంటిదే కదా అన్నారు. ఇంటిపేరు వాయించదు మామగారూ, వేళ్ళు వాయిస్తాయి అన్నాను. అత్తగారు నన్ను మంచినీళ్ళు తెమ్మని వంటింట్లోకి పంపేసింది. మీ తాత తలెత్తి చూస్తే ఒట్టు.

"ఒప్పుకుంటావా దీనికి?" అని తర్వాత ఆమెని అడిగాను.

"ఎక్కడ నిలబడితేనేం అక్కా... నా వంతు నాకొస్తుందిగా" అంది.

ఫ్యాక్టరీ క్యాంటీన్లో బల్లలు పక్కకి జరిపి స్టేజీ కట్టారు. మా మరిది కొత్త చొక్కా వేసుకుని, మేకు మీది గిటార్ మెడలో తగిలించుకుని ముందు నిలబడ్డాడు. దానికి మైకు లేదు, వైరు లేదు, ఏమీ లేదు. వెనక ఆమె, మాస్టారిచ్చిన పగుళ్ళ గిటార్‌తో. దాని వైరు స్పీకరు పెట్టెలోకి వెళ్ళింది. ఫొటో తీసేవాడొచ్చి మా మరిదికి గురిపెట్టాడు. ఈయన అలవాటు ప్రకారం తల వంచాడు. హాల్లో మీరు పూజ్యంగా చూసుకుంటున్న ఫొటో అదే.

పాట మొదలైంది. సోలో చోటు వచ్చింది. మాస్టారు తిరిగి ఆమెకి తల ఊపాడు. మా మరిది ఒక అడుగు ముందుకేసి, వేళ్ళు బొద్దింకల్లా పరుగులెత్తించాడు. స్నేహితులు ఈలలు వేశారు.

ఆమె వాయించలేదు.

వెనక డ్రమ్ము నడుస్తోంది, మాస్టారు నడిపిస్తున్నాడు, సోలో మాత్రం లేదు. ముందు ఈయన వేళ్ళు ఆడుతున్నాయి, వినడానికి ఏమీ లేదు. ముందు వరస పిల్లలు ముందుగా కనిపెట్టి కిసుక్కుమన్నారు. సూపర్‌వైజరు లేచి వైర్లు తడుముతున్నాడు. "నాకేం చెప్పాలని లేదండీ" అన్న మాటే చెవిలో మోగుతోంది. అయిపోయింది, వంతు చేతిదాకా వచ్చి జారిపోయిందనుకున్నాను.

అప్పుడొచ్చాయి రెండు స్వరాలు. ఎక్కడ చచ్చావే. మళ్ళీ ఆగింది. మళ్ళీ అవే రెండు, ఈసారి ఇంకాస్త గుచ్చుతూ. నా పక్కన అత్తగారు చీర సర్దుకుని నిటారుగా కూర్చుంది. "ఎవరో కోప్పడుతున్నట్టుందేమిటే" అంది. నేను పెదవి కొరుక్కున్నాను.

అప్పుడు జవాబు చెప్పింది. ఒక్క స్వరాన్ని పట్టుకుని నెట్టింది, నెట్టింది, అది పైకి పాకి పాకి వణికి నిలబడింది. క్యాంటీన్ మొత్తం గుడ్లు మిటకరించి ఆగిపోయింది. "అది మన సాగదీత గొంతే" అంది వెనక వరసలో కాలర్ల సెక్షనావిడ. చెప్పకుండానే తెలిసిపోయింది ఎవరు వాయిస్తున్నారో. మా మరిది చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. ఆ తర్వాత ఆమె వాయించిందంతా నాకు గుర్తులేదు. నడుమ ఒకచోట తప్పింది, తప్పిన స్వరాన్నే మళ్ళీ నెట్టి దారిలో పెట్టుకుంది. అదొక్కటి గుర్తుంది.

ఇంటికొచ్చాక మొదలైంది రాద్ధాంతం. కావాలనే ఆగావు, నలుగురిలో నా తల తీసేశావు అని ఆయన హాలంతా తిరిగాడు. గిటార్‌ని విసురుగా మేకుకి తగిలించాడు. అత్తగారు ఆ కోప్పడింది ఎవరో ఇంకా ఆలోచిస్తోంది.

"కావాలనే ఆగానండీ... అక్కడ ఆగాలి" అంది ఆమె.

మేకు మీది గిటార్ తీసింది. కొంగుతో తుడిచింది. తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇప్పుడు మీ వంతండీ..."

ఆమె కాసేపు నిజంగానే ఎదురుచూసింది, ఏమైనా వాయిస్తాడేమోనని. తర్వాత వంటింట్లోకి వచ్చింది. ఆ పూట గిన్నెల వంతు ఆమెదే.

మర్నాడు పొద్దున ఆయన గిటార్ తీగలన్నీ విప్పి పారేశాడు. తుప్పుపట్టాయి, కొత్తవి తెచ్చి వేస్తానన్నాడు. తెస్తే కదా. ఉన్నంతకాలం వచ్చినవాళ్ళతో "తీగలుంటే వాయించేవాణ్ణి" అని తల వంచుకున్నాడు. ఫొటోకి మాత్రం ఫ్రేము కట్టించాడు. అదండీ మీ గిటార్ చరిత్ర.

ఆమె మానలేదు. టైర్ల షాపువాళ్ళు పైగది కూడా తీసేసుకునేదాకా అక్కడికి వెళ్ళింది. మాస్టారు ఇల్లు మారిపోతూ ఆ పగుళ్ళ గిటార్ ఆమెకే ఇచ్చేశాడు. అప్పటి నుంచి పెరటి వరండాలో వాయించుకునేది. ఒకసారి వాయించింది మళ్ళీ వాయించేది కాదు. ఆ రోజు ఇంట్లో ఏం జరిగితే అది. ఎవరు కసిరారో, ఎవరు అన్నం తినకుండా వెళ్ళారో, ఎవరికి జ్వరమో, వరండా మెట్ల మీద కూర్చుని వింటే నాకు తెలిసిపోయేది. మీ గురించి కూడా వాయించింది. మీరేమన్నారు? "చిన్న నానమ్మా, తలుపేసుకో, మ్యాచ్ వినపడట్లేదు" అన్నారు. అన్నది ఎవరో నాకు తెలుసు, తల దించుకోనక్కర్లేదు. ఆమె తలుపేసుకుంది. మీరు పుట్టినప్పటి నుంచీ ఆమె ఈ ఇంట్లో మాట్లాడుతూనే ఉంది, నోట్లో నాలుక లేదన్నది మీరు.

ఆఖర్న వేళ్ళు వంగలేదు. ఆస్పత్రిలో నర్సు వచ్చి నొప్పిగా ఉందా అమ్మా అని అడిగితే "లేదూ..." అంది. కింద మొదలై, పైకి పాకి, వణికి, ఆగింది. ఆ నర్సుకి ఏం తెలుసు, సరే అని చీటీ రాసుకుని వెళ్ళిపోయింది. నేను పక్కనే ఉన్నాను. నేను విన్నాను.

అటక మీద పాత దుప్పట్లో చుట్టి పగుళ్ళ గిటార్ ఉంది. దానికి తీగలున్నాయి. దించండి. మేకు మీదిది తీసేసి ఇది తగిలించండి. ఫొటో ఉండనివ్వండి, అందులో మోచెయ్యి ఉంది. ఎవరైనా వచ్చి అడిగితే, చెయ్యి ఎవరిదో ముందు చెప్పండి, ముఖం ఎవరిదో తర్వాత.

ఎన్నేళ్ళు బతికిందని కూడా మీరెవరూ అడగలేదు. పోయేనాటికి ఆమెకి డెబ్బై ఒక్క ఏళ్ళు.